గుల్లలో మురికి ఎవరిది?

(తీర గ్రామాల వరి రైతులు, రొయ్యల రైతులు, గుల్లలు ఏరే మహిళల ఉమ్మడి సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశం పెడదామన్నప్పుడు మన సంఘంలోనే కొందరు ఓ మాట అడిగారు. "మనది రైతు సంఘం. ధాన్యం ధర, కౌలు కార్డులు, కాలువ నీళ్ళు, రొయ్య కౌంటు రేట్లు... ఇవే తెమలడం లేదు. మొగల దగ్గర గుల్లల గొడవ మనకెందుకు?" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు చెప్పకుండా ముందుకు పోకూడదు.

మన చేలల్లోంచి వదిలిన నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి? బోదెలోంచి డ్రెయిన్లోకి, డ్రెయిన్లోంచి ఏట్లోకి, ఏట్లోంచి మొగలోకి. ఆ మొగలోనే పాటు వేళ బురదలో కూర్చుని మన అక్కచెల్లెళ్ళు గుల్లలు ఏరుతున్నారు. పోటు వేళ అదే నీళ్ళు పైకి తన్నితే మోటార్లు పెట్టి రొయ్యల చెరువులకు తోడుకుంటున్నాం. ఇక కాలువ కట్టేసే ముందు మన ఊళ్ళ మంచినీటి చెరువులు నింపుకునేది కూడా పట్టణాలు దాటి వచ్చిన కాలువ నీళ్ళతోనే. కాబట్టి గుల్లలో మురికి ఉందంటే అది గుల్లలు ఏరే వాళ్ళ ఒక్కరి సమస్య కాదు. మనందరి నీళ్ళ గురించి ముందుగా తెలిపే హెచ్చరిక అది.

ముందు గుల్ల సంగతి తెలుసుకుందాం. గుల్లకి, ఆల్చిప్పకి మేత కోసం తిరిగే కాళ్ళు రెక్కలు లేవు. ఉన్నచోటే ఉండి నీళ్ళు లోపలికి పీల్చుకుని, అందులోని సన్నటి నాచును వడకట్టుకుని తిని, మిగిలిన నీళ్ళు బయటికి వదులుతుంది. అనుకూలమైన నీళ్ళలో పెద్ద ఆల్చిప్ప ఒకటి రోజుకు వంద లీటర్లకు పైగా వడకట్టగలదు. నాచుతో పాటు నీళ్ళలోని బ్యాక్టీరియా కూడా దాని ఒంట్లోకి చేరుతుంది. అందుకే నీటిలో పలచగా ఉన్న మురికి గుల్ల మాంసంలో చిక్కబడుతుంది. రొయ్య, పీత ఇలా నీళ్ళు వడకట్టవు. వాటికి మురికి పెంకు మీద నుంచి, పేగు నుంచి, పట్టిన తర్వాత కడిగే నీళ్ళ నుంచి, వేసే ఐసు నుంచి అంటుకుంటుంది. రెంటినీ ఒకే గాటన కట్టకూడదు.

బ్యాక్టీరియాలో కూడా రెండు రకాలున్నాయి. ఈ తేడా తెలియకపోతే మనల్ని ఎవరైనా తికమక పెట్టగలరు.

మొదటిది మలం ద్వారా వచ్చేది. మనుషుల పేగుల్లోంచి, పశువుల పేగుల్లోంచి వచ్చి నీళ్ళలో కలుస్తుంది. టైఫాయిడ్, విరేచనాలు ఈ దారినే వస్తాయి. ప్రతి రోగక్రిమినీ విడివిడిగా వెతకడం కష్టం కనుక ల్యాబుల్లో ఈ-కోలి అనే బ్యాక్టీరియాను లెక్కపెడతారు. ఈ-కోలి ఉందంటే ఆ నీళ్ళలో మలం కలిసిందని అర్థం. పొయ్యి కనపడకపోయినా పొగ కనపడినట్టు.

రెండోది విబ్రియో జాతి. ఇది మురుగు నుంచి రానక్కర్లేదు. ఉప్పూ చప్పా కలిసే మొగ నీళ్ళలో సహజంగానే బతుకుతుంది, నీళ్ళు వేడెక్కితే పెరుగుతుంది. విబ్రియో పారాహీమోలిటికస్ అనే రకం సరిగా ఉడకని సముద్రపు తిండితో వాంతులు, విరేచనాలు తెస్తుంది. దాన్ని మొదట గుర్తించింది జపాన్‌లోని ఒసాకాలో, 1950లో. ప్రపంచమంతా వ్యాపించిన దాని రకం ఒకటి 1996లో మన కోల్‌కతాలోనే బయటపడింది. విబ్రియో వల్నిఫికస్ అనే మరో రకం కాలికి తగిలిన గాయంలోంచి కూడా ఒంట్లోకి పోగలదు. మోకాలి లోతు బురదలో చెప్పుల్లేకుండా నిలబడి గుల్ల పెంకులతో కాళ్ళు కోసుకునే అక్కలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. గాయమైతే వెంటనే మంచినీళ్ళతో, సబ్బుతో కడగండి. వాపు, జ్వరం వస్తే ఆసుపత్రికి వెళ్ళి, ఉప్పునీళ్ళలో గాయమైందని డాక్టరుకు మీరే చెప్పండి. ఆలస్యం చేయొద్దు.

రొయ్యల రైతులకు విబ్రియో కొత్త కాదు. రాత్రిపూట చెరువు నీళ్ళు మెరవడం మీలో చాలామంది చూసే ఉంటారు. 2009 తర్వాత చైనా నుంచి మొదలుపెట్టి ఆసియా దేశాల చెరువులను ఊడ్చేసిన ఈఎంఎస్ జబ్బుకు కారణం విబ్రియోలోనే విషాన్ని తయారుచేసే ఒక రకమని 2013లో తేల్చారు. దానికి మందుల షాపువాడు ఇచ్చే యాంటీబయోటిక్ డబ్బా జవాబు కాదు. దాంతో బ్యాక్టీరియా మందుకు లొంగకుండా మొండికేస్తుంది, సరుకు పరీక్షలో పట్టుబడుతుంది. యాంటీబయోటిక్ అవశేషాల పేరుతోనే యూరప్ వాళ్ళు 2016లో మన దేశపు పెంపకం రొయ్యల మీద తనిఖీని పది శాతం నుంచి యాభై శాతానికి పెంచారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. గుల్లలో మురికి ఉందని మాట పుట్టగానే ఏం జరుగుతుంది? బజార్లో గుల్లలు కొనేవాడుండడు. బుట్ట పెట్టుకుని కూర్చున్న మనిషిని "మురికి సరుకు తెచ్చావు" అంటారు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, మురుగు వదిలినవాడిని వదిలేసి గుల్ల ఏరినవాళ్ళని పట్టుకుంటారు. గుల్ల ఆ మురికిని తయారుచెయ్యలేదు, ఏరిన మనిషీ చెయ్యలేదు. పరిశోధన అనేది బుట్ట దగ్గర మొదలుకావచ్చు, అక్కడే ఆగిపోకూడదు. నీళ్ళు వచ్చిన దారినే ఎగువకు నడవాలి.

ఎగువన ఏముంది? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఇచ్చిన లెక్క చూడండి. దేశంలోని పట్టణాల నుంచి రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగు వస్తోంది. శుద్ధి చేయడానికి కట్టిన ప్లాంట్ల శక్తి 31,841 మిలియన్ లీటర్లు. నిజంగా శుద్ధి అవుతున్నది 20,236 మిలియన్ లీటర్లు. అంటే నూటికి ఇరవై ఎనిమిది పాళ్ళు. మిగతా డెబ్బై రెండు పాళ్ళు ఏమవుతున్నాయి? వాగుల్లో, కాలువల్లో, నదుల్లో కలుస్తున్నాయి. నదులన్నీ చివరికి చేరేది ఎక్కడికి? మనం కూర్చున్న ఈ మొగలకే. వేసవిలో బ్యారేజీ కింద నదిలో పారే నీళ్ళు తగ్గిపోతాయి. మురికిని సముద్రంలోకి నెట్టే శక్తి ఉండదు. తొలకరి వానలకు డ్రెయిన్లలో నెలల తరబడి పేరుకున్నదంతా ఒక్కసారిగా కొట్టుకొస్తుంది. గుల్లలకు ఆ రోజులే అన్నిటికన్నా చెడ్డ రోజులు.

దీనికి చట్టం లేదా అంటే ఉంది, కానీ అందులో ఓ చిల్లు ఉంది. కేంద్ర ప్రభుత్వం తీర జలాలను వాడకాన్ని బట్టి తరగతులు చేసింది. ఉప్పు మడులు, గుల్లల సేకరణ, సముద్రపు సాగు జరిగే నీళ్ళు మొదటి తరగతి, ఎస్‌డబ్ల్యూ-1. స్నానాలు చేసే నీళ్ళు రెండో తరగతి, ఎస్‌డబ్ల్యూ-2. రెండో తరగతిలో మలం బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్లకు 100 దాటకూడదని అంకె వేశారు. మొదటి తరగతి పట్టికలో ఆక్సిజన్ ఉంది, నూనె ఉంది, పాదరసం, సీసం, కాడ్మియం ఉన్నాయి. మలం బ్యాక్టీరియాకు మాత్రం అంకె లేదు. మనిషి మునిగే నీళ్ళకు ఉన్న హద్దు, మనిషి తినే గుల్ల పెరిగే నీళ్ళకు లేదు.

బయటి దేశాల్లో ఇలా లేదు. వాళ్ళకు ఆ బుద్ధి ఊరికే రాలేదు. అమెరికాలో 1924 చలికాలంలో ఆల్చిప్పలు తిన్నవాళ్ళకు టైఫాయిడ్ సోకి సుమారు 1,500 మంది జబ్బుపడ్డారు, 150 మంది చనిపోయారు. ఆల్చిప్పల వ్యాపారం కుప్పకూలింది. అప్పుడు ప్రభుత్వాలు, వ్యాపారులు కూర్చుని 1925లో ఓ పద్ధతి పెట్టుకున్నారు. అంగట్లో సరుకును చూస్తే చాలదు, అది పెరిగే నీళ్ళను చూడాలన్నదే ఆ పద్ధతికి మూలం. నేటికీ అక్కడ నేరుగా అమ్మే గుల్లలు పెరిగే నీళ్ళలో మలం బ్యాక్టీరియా సగటున 100 మిల్లీలీటర్లకు 14 మించకూడదు. యూరప్ వాళ్ళు గుల్ల మాంసాన్నే కొలుస్తారు. 100 గ్రాములకు ఈ-కోలి 230 లోపుంటే ఏ తరగతి, నేరుగా అమ్ముకోవచ్చు. 4,600 వరకు బీ తరగతి, శుభ్రమైన నీళ్ళలో ఉంచి కడుపు ఖాళీ చేయించి అమ్మాలి. 46,000 వరకు సీ తరగతి, నెలల తరబడి మంచి నీళ్ళలోకి మార్చి పెంచాలి, లేదా కర్మాగారంలో ఉడికించాలి. ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. మురికి కనపడగానే మొత్తం మూసెయ్యలేదు. ఏ చోట ఎంత ఉందో చెప్పి, దానికి తగ్గ దారి చూపించారు.

ఇంతవరకూ పట్టణాలను, ప్రభుత్వాన్ని అన్నాం. ఇక మన మాట కూడా మాట్లాడుకోవాలి. లేకపోతే ఈ అక్కల ముందు మనకు నోరుండదు.

అమెరికాలోనే వాషింగ్టన్ రాష్ట్రంలో పోర్టేజ్ బే అని ఓ చిన్న అఖాతం ఉంది. లమ్మీ అనే ఆదివాసులకు అక్కడ గుల్లల సేకరణ తాతల నాటి హక్కు. ఎగువన నూక్సాక్ నది పక్కన పాడి రైతులున్నారు. 1996లో మలం బ్యాక్టీరియా వల్ల అక్కడ సేకరణ ఆపేశారు. పశువుల పేడ నీళ్ళలోకి పోవడం అందుకు ఓ ముఖ్య కారణమని తేలింది. పేడ నిల్వ మీద, చేలకు తోలడం మీద నిబంధనలు పెట్టారు, నీళ్ళు బాగుపడ్డాయి, 2006లో మళ్ళీ తెరిచారు. తర్వాత పట్టు సడలింది. 2014లో మళ్ళీ ఆంక్షలు వచ్చాయి. చివరికి 2017లో పాడి రైతులు కొందరు, లమ్మీ వాళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. ఎవరి పొలంలోంచి నీళ్ళు ఎలా పోతున్నాయో చూసి సరిచేసుకుందామన్నారు. రైతు, గుల్ల ఏరేవాడు కోర్టు మెట్ల మీద కాకుండా ఒకే బల్ల దగ్గర కూర్చోవచ్చని దాన్నిబట్టి తెలుస్తోంది. మనం ఈ రోజు చేస్తున్నది అదే.

మన దగ్గర ఏం జరుగుతోంది? డ్రెయిను గట్టు మీదే పెంటకుప్పలు వేస్తున్నాం. చేపల చెరువులకు కోళ్ళ పెంట తోలుతున్నాం. జబ్బుపడిన రొయ్యల చెరువు నీళ్ళు బ్లీచింగ్ చల్లకుండానే అర్ధరాత్రి తూము తెరిచి వదిలేస్తున్నాం. ఆ నీళ్ళనే పక్క రైతు పోటు వేళ తోడుకుంటున్నాడు. మరుగుదొడ్డి ట్యాంకు నిండితే ట్యాంకరు పిలిచి డబ్బులిచ్చి పంపేస్తాం, అది తీసుకెళ్ళి ఎక్కడ ఒంపాడో అడగం. ఎక్కువసార్లు ఒంపేది డ్రెయిన్లోనే. ఇది కూడా ఆపాలి, అప్పుడే అవతలివాడిని నిలదీయగలం.

పశువుల మురికీ మనుషుల మురికీ వేరు చేసి చెప్పే పరీక్షలు కూడా ఇప్పుడున్నాయి. మనిషి పేగుల్లో ఉండే కొన్ని బ్యాక్టీరియాల జన్యు గుర్తులు వేరు, పశువుల పేగుల్లోని వాటి గుర్తులు వేరు. ఈ-కోలి అంకె ఒక్కటే చూస్తే "పశువులదే" అని రైతు మీదకి నెట్టెయ్యొచ్చు. కాబట్టి రేపు ఎవరైనా మన మీద వేలు చూపిస్తే, ఆ పరీక్ష చేయించి మాట్లాడమని అడిగే హక్కు మనకుంది. మనదే అని తేలితే సరిచేసుకునే బాధ్యతా మనదే.

ఇంకో భయం కొందరు చెవిలో చెబుతున్నారు. "పరీక్ష చేయిస్తే ఉన్న ధర కూడా పోతుంది, గుట్టుగా ఉండటమే మేలు" అని. ఆ భయం ఉత్తదని మేం అనం. 1997 ఆగస్టులో యూరోపియన్ యూనియన్ మన దేశపు చేపలు, రొయ్యల దిగుమతి ఆపేసింది. కారణం ప్లాంట్లలో శుభ్రత లోపాలు. ప్లాంటులో లోపానికి చెరువు రైతు బాధ్యుడు కాడు. కానీ కొనుగోలు ఆగినప్పుడు దెబ్బ చెరువు గట్టు దాకా వస్తుంది. ఆ దెబ్బ పరీక్ష చేసుకున్నందుకు పడిందా? కాదు. మనం ముందే చూసుకోనిది అవతలివాడు చూసినందుకు పడింది. కాగితం లేనివాడి సరుకును పుకారు ఒక్కటే ముంచేస్తుంది. చేతిలో నెలనెలా కాగితం ఉంటే "ఫలానా మొగ సరుకు బాగుంది, ఫలానా డ్రెయిను పక్కది మాత్రమే బాగోలేదు" అని చెప్పగలం. అప్పుడు తీరం మొత్తానికి చెడ్డపేరు రాదు.

అందుకే మనమే నమూనాలు తీద్దాం. ఎలా తీయాలో చెబుతాం, రాసుకోండి.

సీసా ల్యాబు వాళ్ళు ఇచ్చిన శుభ్రమైనదే కావాలి, ఇంట్లో నీళ్ళ బాటిల్ పనికిరాదు. మూత లోపల వేలు తగలకూడదు. సీసా మూతిని పారుదలకు ఎదురుగా తిప్పి, నీటి పైతెట్టు కాకుండా జానెడు లోతుకు పైగా ముంచి పట్టాలి. పైన కొంచెం ఖాళీ వదలాలి. ఐసు పెట్టెలో పెట్టి ఆరు గంటల్లో ల్యాబుకు చేర్చాలి. గుల్లలైతే ఒక్కోచోట కనీసం పది పన్నెండు తీసి, శుభ్రమైన సంచిలో కట్టి, ఐసు నీళ్ళు తగలకుండా చల్లగా తీసుకెళ్ళాలి. సీసా మీద తేదీ, టైము, చోటు, పోటా పాటా, గత మూడు రోజుల్లో వాన పడిందా అన్నవి రాయాలి. ఇవి లేని రిపోర్టు ఎందుకూ పనికిరాదు.

చోట్లు తెలివిగా ఎంచుకోవాలి. డ్రెయిను ఏట్లో కలిసే చోటికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి. ఊరు దాటకముందు ఒకటి, దాటాక ఒకటి. గుల్లలు ఏరే దిబ్బ దగ్గర ఒకటి. పాటు వేళ తీస్తే పైనుంచి వచ్చే మురికి తెలుస్తుంది. ఎండ రోజుల్లో ఒకసారి, వానకు మర్నాడు ఒకసారి తప్పకుండా తీయాలి. ఒక్క సీసాతో తీర్పు చెప్పకూడదు. అంకె ఎక్కడ ఒక్కసారిగా పెరిగిందో, అది ప్రతి నెలా అక్కడే పెరుగుతోందో లేదో చూడాలి. అప్పుడు దొంగ ఇంటి గుమ్మం కనపడుతుంది. ఒక జాగ్రత్త: పల్లెల్లో తాగునీటికి వాడే, నీళ్ళు నల్లబడితే చెడ్డవని చెప్పే సీసా పరీక్ష మొగ నీళ్ళకు నమ్మకం కాదు. అక్కడి బురదలో ఉండే వేరే బ్యాక్టీరియా వల్ల కూడా అది నల్లబడవచ్చు.

పట్టిన తర్వాత జాగ్రత్తలు మన చేతిలోనివే. గుల్లల బుట్ట ఎండలో పెట్టొద్దు. అనుకూలమైన వేడి దొరికితే విబ్రియో పావుగంట తిరక్కుండానే రెట్టింపు కాగలదు. డ్రెయిను నీళ్ళతో కడగొద్దు. గుల్లలు నోరు తెరిచాక కూడా ఇంకాస్త సేపు ఉడకనివ్వండి. పచ్చివి కోసిన కత్తిపీట, పళ్ళెం కడగకుండా వండినవాటికి వాడొద్దు. రెండు రోజులు శుభ్రమైన ఉప్పునీళ్ళ తొట్టిలో ఉంచితే మలం బ్యాక్టీరియా చాలావరకు పోతుంది. విబ్రియో, వైరస్‌లు మాత్రం అంత తేలిగ్గా పోవు. కాబట్టి తొట్టి ఉందని ఉడికించడం మానకూడదు.

ఇక మన డిమాండ్లు. ఒకటి, ఎస్‌డబ్ల్యూ-1 తరగతి నీళ్ళకు మలం బ్యాక్టీరియా హద్దు అంకెతో సహా పెట్టాలి. రెండు, ప్రతి మొగలో నెలనెలా నీళ్ళు, గుల్ల మాంసం పరీక్షించి, ఫలితాన్ని తెలుగులో పంచాయతీ బోర్డు మీద రాయాలి. మూడు, ఏదైనా చోట సేకరణ ఆపాల్సివస్తే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధానికి భృతి ఇస్తున్నట్టే, పడవ లేకుండా చేత్తో ఏరేవాళ్ళకు కూడా భృతి ఇవ్వాలి. నాలుగు, మరుగుదొడ్డి ట్యాంకర్లు ఎక్కడ ఒంపాలో చోటు చూపించాలి, అక్కడే ఒంపేలా చూడాలి. ఐదు, గుల్లలు దించే చోట శుద్ధి తొట్లు కట్టి మహిళల సంఘాల చేతికి ఇవ్వాలి. దీనితో పాటు ఎగువ పట్టణాల శుద్ధి ప్లాంట్లకు రోజుకు ఎంత మురుగు వస్తోంది, ఎంత శుద్ధి అవుతోంది అని సమాచార హక్కు చట్టం కింద మనం దరఖాస్తులు పెడదాం.

డిమాండ్లు చదివి చప్పట్లు కొట్టి వెళ్ళిపోతే పని కాదు. ఈ నెలాఖరులోగా ప్రతి ఊరి కమిటీ తన డ్రెయిను పొడవునా నడిచి, ఎక్కడెక్కడ ఏం కలుస్తోందో కాగితం మీద గీయాలి. ఆ నడకలో ఒక వరి రైతు, ఒక రొయ్యల రైతు, గుల్లలు ఏరే ఒక అక్క ముగ్గురూ ఉండాలి. మన ఇంటి పెంటకుప్ప కనిపించినా రాయాలి, పెద్ద పైపు కనిపించినా రాయాలి. తొలకరికి ముందు మొదటి విడత సీసాలు, మొదటి వాన పడ్డాక రెండో విడత సీసాలు ల్యాబుకు చేరాలి. ఖర్చుకు సంఘం నిధి నుంచి కొంత ఇస్తాం, మిగిలింది ఊళ్ళో పోగుచేసుకుందాం. ఫలితాలు వచ్చాక, మంచివైనా చెడ్డవైనా, ఈ పత్రికలోనే ఉన్నవి ఉన్నట్టు వేస్తాం.

ఎవరెవరు ఏ డ్రెయిను చూస్తారో పేర్లు ఇప్పుడే రాయించి వెళ్ళండి.